ఆకాశం లిఫ్టూ, అయిదో అంతస్తూ

చిరంజీవి పిచ్చుకకు, అయిదో అంతస్తు దిగలేక, ఎక్కలేక పెద్దమ్మ దీవించి రాయడం.

మేమంతా క్షేమం అని రాయాలి కానీ, క్షేమంగా ఉన్నది నేనొక్కదాన్నే. మా బిల్డింగ్ లిఫ్టు మూలనపడి నెలలైంది. మీ పెదనాన్న మోకాళ్ళకి మెట్లు పనికిరావని డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. ఆయనతో రోజూ చదరంగం ఆడేది అన్నిటికంటే కింద, మెట్ల పక్క వాటాలో ఉండే దర్జీగారు. వారి గుండెకీ మెట్లు పనికిరావు.

కొన్నాళ్ళు మెట్ల సందులోంచి అరుచుకుంటూ ఆడారు. గొంతులు పోయాక, ఎత్తులు చేరవేయమని మధ్య అంతస్తుల వాళ్ళని బతిమాలుకున్నారు. ఈయన ఇక్కడ బంటుని కదిపితే, మూడో అంతస్తావిడ అది నచ్చక గుర్రాన్ని కదిపారని కిందికి కబురు పంపేది. దొంగాట నువ్వాడావంటే నువ్వాడావని ఇద్దరూ మాటలు మానేశారు. ఇది ఆవిడ పనే అని నేను చెబితే చెవిన పెట్టరు. అప్పట్నుంచి మీ పెదనాన్న గడ్డం గీసుకోవడం లేదు. గోడవైపు తిరిగి పడుకుంటున్నారు. నాకు భయంగా ఉందే.

నువ్వు ఆకాశానికి లిఫ్టు కడుతున్నావట కదా. అంతదూరం వెళ్ళే దానికి అయిదు అంతస్తులు ఓ లెక్కా? దారిలో మాది కూడా కాస్త చూసిపెట్టు.

ఇట్లు,
నీ పెద్దమ్మ

తా.క.: ఫోన్ చేయకు. ఫోన్లో విన్నది నేను మళ్ళీ పదిమందికీ చెప్పలేను. ఉత్తరమైతే చదివి వినిపిస్తాను.

* * *

పెద్దమ్మకు పిచ్చుక నమస్కారాలు.

నా పని గురించి మనింట్లో అడిగింది నువ్వొక్కదానివే. అమ్మయితే "దానికేదో తాళ్ళ కంపెనీలో ఉద్యోగం" అని చెబుతోంది. అందుకే వివరంగా రాస్తున్నాను. దీన్ని కింది నుంచి కట్టుకుంటూ పోలేం. ముప్పై ఆరు వేల కిలోమీటర్ల ఎత్తులో ఒక వస్తువుని ఉంచితే, అది భూమితో పాటే తిరుగుతూ ఎప్పుడూ ఒకేచోట నెత్తిన నిలబడుతుంది. అక్కణ్ణించి తాడు కిందికి దించుతాం. దానికి సరితూగేలా పైకి కూడా వదిలి, కొసన బరువు కడతాం. తాడుకి రాయి కట్టి గిరగిరా తిప్పితే తాడు బిగిసి నిలుస్తుంది చూడు, అలాగన్నమాట.

తాడంటే నిజంగా తాడు కాదు, కాగితం కంటే పలచని పట్టీ. ఉక్కుతో చేస్తే తన బరువుకి తానే తెగిపోతుంది. కార్బన్‌ని సన్నటి పోగులుగా తీసి నేయాలి. ఇప్పటికి జానెడు నేశాం.

పైనుంచి వచ్చిపడే చెత్తతోనే పెద్ద తలనొప్పి. పాత ఉపగ్రహాల ముక్కలు తూటాల్లా తిరుగుతుంటాయి. పిడుగులు సరేసరి. అందుకే కింది కొసని సముద్రంలో ఓడకి కట్టి, అవసరమైతే పక్కకి జరుపుతాం.

పట్టీని పట్టుకుని పెట్టె పాక్కుంటూ ఎక్కుతుంది. కింది నుంచి లేజర్ వెలుతురు కొట్టి దానికి కరెంటు అందిస్తాం. ఎక్కడానికి వారం పైనే పడుతుంది.

ఇదంతా ఎప్పటికవుతుందంటే ఏం చెప్పను? మన జీవితకాలంలో కాకపోవచ్చు.

ఇట్లు,
పిచ్చుక

తా.క. (కాగితం వెనక చూడు): మీ లిఫ్టు సంగతి నాకు బొత్తిగా తెలియదు పెద్దమ్మా. మెకానిక్‌ని పిలవండి.

* * *

చిరంజీవి పిచ్చుకకు ఆశీస్సులు. ఇక్కడ కొంపలు మునిగాయి.

ఉత్తరాల డబ్బా కింద ఉంటుంది కదా. ఒక్కో అంతస్తులో ఆగి, ఆయాసం తీర్చుకుంటూ, ఒక్కో కాగితం పైకే చదివాను. అందరూ తలుపులు తీసుకుని విన్నారు. ఎవరి గుమ్మం ముందు చదివింది వాళ్ళు విన్నారు, అంతే.

మొదటి అంతస్తులో మా సెక్రటరీగారు ఉంటారు. పైనుంచి తాడు దిగుతుందని విని, వాకిట్లో పూలకుండీలన్నీ పక్కకి జరిపించేశారు. రెండో అంతస్తు బస్సు డ్రైవరుగారు కాగితం లాంటి పట్టీకి తన పెళ్ళాం బిడ్డల్ని వేలాడదీసేది లేదని ఒట్టు పెట్టుకున్నారు. మూడో అంతస్తావిడ పైనుంచి చెత్త పడుతుందని విన్నదే తడవు, చీపురు పుచ్చుకుని నాలుగో అంతస్తు మాస్టారి మీదికి వెళ్ళింది. మాస్టారేమో "వారం పడుతుందా? నేను కూరలసంచీతో అయిదు నిమిషాల్లో ఎక్కుతానే!" అని నన్ను నిలదీశారు.

అసలు ఘోరం విను. మర్నాడు రావలసిన మెకానిక్‌ని సెక్రటరీగారు వద్దన్నారు. ఆకాశం లిఫ్టే వస్తుంటే ఈ డొక్కుదానికి మరమ్మతు దేనికట.

చివరి కాగితం మీ పెదనాన్నకి చదివాను. "మన జీవితకాలంలో కాకపోవచ్చు" అన్న మాట వినగానే దుప్పటి ముసుగు పెట్టేశారు. అన్నానికీ లేవలేదు. ఎంత పని చేశావే పిల్లా!

ఇట్లు,
నీ పెద్దమ్మ

తా.క.: కాగితం వెనక కూడా ఏదో గిలికినట్టున్నావు. చూసుకోక వేడి గిన్నె కింద పెట్టాను, మసి అంటుకుపోయింది. అంత ముఖ్యమైనదైతే ముందువైపే రాసేదానివిలే.

* * *

పెద్దమ్మా, నమస్కారాలు.

ఈసారి అంతస్తుకో కాగితం రాశాను. పొరపాటున కూడా కలపకు.

మొదటి అంతస్తుకు: ఆకాశం లిఫ్టు మీ బిల్డింగ్‌కి రాదు. రాదు గాక రాదు. సెక్రటరీగారూ, దయచేసి మెకానిక్‌ని పిలవండి. అయిదో అంతస్తులో ఒక పెద్దమనిషి గోడవైపు తిరిగి పడుకున్నారు, అన్నం కూడా తినడం లేదు.

రెండో అంతస్తుకు: కింది అంతస్తులో చెప్పిందే.

మూడో అంతస్తుకు: కింది అంతస్తులో చెప్పిందే.

నాలుగో అంతస్తుకు: కింది అంతస్తులో చెప్పిందే.

అయిదో అంతస్తుకు: పెదనాన్నా, ఆ గుర్రాన్ని కదిపింది మూడో అంతస్తావిడ. దర్జీగారి తప్పేం లేదు. లేచి గడ్డం గీసుకోండి.

ఇట్లు,
పిచ్చుక

తా.క.: మా పట్టీ నిన్న మళ్ళీ తెగింది. ఉన్న జానెడూ పోయింది. ఆకాశం మాట దేవుడెరుగు, అయిదు అంతస్తులకి ఒక్క కబురు సరిగ్గా చేర్చలేకపోయానని ఏడుపొస్తోంది.

* * *

చిరంజీవి పిచ్చుకకు పెద్దమ్మ వెయ్యి దీవెనలు.

మొదటి కాగితం సెక్రటరీగారికి చదివాను. ఆయన గొంతు సవరించుకుని, లోపలికెళ్ళి తలుపేసుకున్నారు. రెండో అంతస్తులో "కింద చెప్పిందే" అని చదివితే, "కింద ఏం చెప్పారో మాకెలా తెలుస్తుంది?" అంటూ డ్రైవరుగారు కిందికి పరిగెత్తారు. మూడో అంతస్తావిడ రెండో అంతస్తుకి దిగి, అక్కడెవరూ లేకపోయేసరికి ఇంకా కిందికి దిగింది. ఆవిడ వెనకే మాస్టారు, మాస్టారి వెనక నేను. కింద చెప్పిందేమిటో చెప్పమని అందరూ కలిసి సెక్రటరీగారి తలుపు బాదారు. చేసేది లేక ఆయనే బయటికొచ్చి, నా చేతిలో కాగితం లాక్కుని గట్టిగా చదివారు.

మెట్ల కింద దర్జీగారు విన్నారు. "వాడు అన్నం మానేశాడా?" అని కళ్ళు తుడుచుకుని, రెయిలింగు పట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టారు. ఆ గుండెతో! సెక్రటరీగారు హడలిపోయి, ఆయన్ని అక్కడే కూర్చోబెట్టి, మెకానిక్‌కి ఫోన్ చేశారు.

సాయంత్రానికి లిఫ్టు కదిలింది. దర్జీగారు చదరంగం పలక చంకన పెట్టుకుని పైకొచ్చారు. నీ అయిదో కాగితం విని లేచిన మీ పెదనాన్న సగం గీసిన గడ్డంతో, సబ్బు నురగతోనే ఎదురెళ్ళారు. ఇద్దరూ గాలి పీల్చుకుంటామని పలకతో సహా లిఫ్టెక్కారు. మూడుకీ రెండుకీ మధ్య అది మళ్ళీ ఆగిపోయింది!

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మెకానిక్‌ని దారిలోంచి వెనక్కి పిలిచి తలుపు తీయించేసరికి చీకటిపడింది. చూద్దును కదా, ఇద్దరూ నేలమీద బాసింపట్టు వేసుకుని ఆడుకుంటున్నారు. "దిగండి బాబూ" అంటే తలెత్తలేదు. "ఆట మంచి పట్టులో ఉంది, తలుపు మూసి వెళ్ళవయ్యా" అన్నారు మీ పెదనాన్న. మూడో అంతస్తావిడ తొంగిచూసి ఎత్తు చెప్పబోతే ఇద్దరూ ఒక్క గొంతుతో కసిరారు. ఆ కసురు విన్నాక నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది పిచ్చుకా.

మీ పట్టీ తెగితే తెగింది, మళ్ళీ నేయండి. ఇక్కడ నీ కబురు చేరింది.

ఇట్లు,
నీ పెద్దమ్మ

తా.క.: నీ మొదటి ఉత్తరం మొత్తం మళ్ళీ చదివించుకుని మీ పెదనాన్న అడగమన్నారు. ఆకాశం లిఫ్టులో వారం పైన ప్రయాణం కదా, మధ్యలో ఎవరూ తలుపు తీయరు కదా? అయితే వాళ్ళిద్దరికీ చోటు ఉంచమన్నారు. నాకొద్దు. నేను మెట్లమీదే వస్తాను, నీ ఉత్తరం చదువుకుంటూ.