గోల్ఫ్ బండికి కుడిపక్క తలుపు

పుంగనూరు,
అక్టోబరు 2003, ఆదివారం.

చిరంజీవి మునికుమార్‌కు నాయన గంగులయ్య ఆశీర్వదించి రాస్తున్న సంగతులు. ఇక్కడ నేనూ, మీ అమ్మా, నీ పెండ్లాము నందినీ, పాప రోజా అందరమూ బాగున్నాము. పూణేలో నువ్వూ బాగుండి, వేళకు తింటున్నావనుకుంటాను.

నీ జాబు అందింది. ఫోన్ చేయమని రాసినావు. బూత్ గంగప్ప ఒక చెవి మన మాటల మీదే పెట్టి కూర్చుంటాడు. అందుకని నాకు వచ్చిన అక్షరాలతో రాస్తున్నాను. తప్పులుంటే దిద్దుకొని చదువుకో.

అడిగినవాటికి జవాబులు. మీ అమ్మకు మోకాలి నొప్పి తగ్గలేదు, ఆమె నూనె రాయడమూ మానలేదు. రోజా బడికి పోతున్నది, చదువుతున్నదా అంటే నేను చెప్పలేను. ఇంక అంగడికి కట్టిన పరదా ఉందా, తీసేసినారా అని అడిగినావు. కంపెనీలో పనిచేసేవాడి పెండ్లాము బజారులో అందరి ముందర మిషన్ తొక్కితే నీకు తలవంపులన్నావు. పరదా లేకుంటే నందినిని గుడుపల్లెకు, పుట్టింటికి పంపేయమన్నావు. దానికి జవాబు చివర్లో రాస్తాను. ముందు పని సంగతి చెప్పకపోతే నీకు అర్థం కాదు.

కుప్పం ముద్దుకృష్ణ నీకు గుర్తుండాలి. జీపుకు మన దగ్గరే టాపు కుట్టించుకొనేవాడు. ఇప్పుడు కర్ణాటకలో ఒక గోల్ఫ్ మైదానంలో బండ్లు చూసుకుంటున్నాడు. అక్కడ పెద్దవాళ్లు కర్రతో బంతిని దూరంగా కొడతారట, దాని దగ్గరికి నడిచి పోలేక బండిలో పోతారట. ఆటో కన్నా చిన్న బండి, నాలుగు చక్రాలు, బ్యాటరీతో నడుస్తుంది, చప్పుడు లేదు. పైన కప్పు ఉంది కానీ చుట్టూ ఏమీ లేదు. వానకు తడుస్తున్నారని మూడు బండ్లకు ముందర అద్దం, పక్కలకు తలుపులు కావాలన్నాడు. కొలతలకోసం ఒక బండిని టెంపోలో తెచ్చి మన అంగడి ముందర దించినాడు. బజారంతా వచ్చి చూసింది. పెండ్లికొడుకును ఊరేగించేదానికా అని ఒకాయన అడిగినాడు.

ముందు అద్దానికి మందపాటి ప్లాస్టిక్ షీటు, పక్కలకు పచ్చ టార్పాలు. కొలతలు నేనే తీసుకున్నాను. ఎడమపక్క జిప్‌తో తెరుచుకునేట్టు, కుడిపక్క పూర్తిగా మూసి కుట్టమని నందినికి చెప్పినాను. ఆమె మిషన్ మీదనుంచే అడిగింది.

"మామా, నడిపేటోడు కుడిపక్క గదా కూసుంటాడు. యాడ దిగాల?"

"కుడిపక్క దిగితే లారీ కింద పడతారు. ఇన్నేండ్లుగా ఆటోలకు అట్లే మూస్తాండాను."

"గడ్డిమీద లారీ యాడ వస్తాది మామా?"

నాకు పని నేర్పేదానికి నిన్ను కూర్చోబెట్టలేదు అన్నాను. మూడు బండ్లకూ నేను చెప్పినట్టే కుట్టింది.

వారం తిరగకముందే ముద్దుకృష్ణ తలుపులన్నీ మూటగట్టుకొని వచ్చినాడు. జోరువానలో ఒక ఆఫీసరు బండి దిగలేకపోయినాడట. పక్కన ఆయన అత్తగారు కూర్చుని ఉంది. ఆమె దిగితేనే ఆయనకు దారి. ఆమె వానలోకి దిగనన్నది. "అత్తా అల్లుడూ వాన నిలిసేదాకా దాంట్లోనే కూసోనుండారు పెద్దాయనా. ఒకరి మొగం ఒకరు సూసుకోలా," అన్నాడు. నేను నవ్వలేదు. మీ అమ్మ లోపల నవ్వడం వినబడింది. శనివారంలోగా సరిచేసి ఇవ్వకపోతే పని బెంగుళూరు వాళ్లకు పోతుందని చెప్పి పోయినాడు.

నందినితో నేనేమీ అనలేదు. 'నేను ముందే చెప్పినాను కదా' అని ఆమె కూడా అనలేదు. అంటే బాగుండేది, నేను నాలుగు మాటలు అనేవాణ్ణి.

పచ్చ టార్పాలు తెస్తానని మదనపల్లెకు పోయినాను. ఆ రంగు అక్కడ అయిపోయింది, అంతా నీలమే. ఒట్టి చేతులతో తిరిగి వచ్చేసరికి ఆమె రెండు బండ్లకు పాత కుట్లు విప్పి, మూడో బండి కుడిపక్క గుడ్డను కత్తిరించి వాటికి కలిపి, కుడిపక్క జిప్ పెట్టి కుట్టేసి ఉంది. వంక పెడదామని రెండుసార్లు తిప్పి చూసినాను. దొరకలేదు. మూడో బండి కుడిపక్కకు గుడ్డ లేదు.

ఇప్పుడు నీకు చెప్పని సంగతి ఒకటి రాస్తున్నాను. మీ అమ్మకు కూడా తెలియదు. ఉగాది దాటినప్పటినుంచీ నాకు సూది బెజ్జం కనబడటం లేదు. దారం ఎక్కించేది నందిని, కత్తిరించేది నందిని, కుట్టేది నందిని. నేను కొలతలు తీసి, ఇట్లా కుట్టు అట్లా కుట్టు అని అరుస్తాను. అదీ ఎట్లా చెప్పినానో పైన చదివినావు కదా. నాకు సాయం చేస్తున్నదని ఇన్నాళ్లూ నీకు రాసింది అబద్ధం. అంగడి ఆమె మీదే నడుస్తున్నది.

నువ్వు చెప్పినావని వేసవిలో పరదా కట్టినాను. ఆమె పట్టపగలు బల్బు వేసుకొని ఆ ఉక్కలో కుట్టింది. ఒకరోజు చూస్తే పరదా మధ్యలో పలకంత ప్లాస్టిక్ కిటికీ కుట్టుకొని ఉంది. చూసీ చూడనట్టు ఊరుకున్నాను. పరదా కూడా పచ్చ టార్పాలే.

శుక్రవారం సాయంత్రం స్టూలెక్కి దాని నాడాలు విప్పినాను. నందిని మిషన్ ఆపింది.

"మామా, ఆయన అడిగితే?"

"నేను రాస్తాలేమ్మా. నువ్వు కుట్టు."

శనివారం ముద్దుకృష్ణ మూడు బండ్ల తలుపులూ తీసుకుపోయినాడు. ఇంకా నాలుగు బండ్లకు చెప్పిపోయినాడు. కొత్త పరదా కావాలంటే అదీ ఆమే కుట్టాలి, ఆమెకు తీరిక లేదు. ఆమెను గుడుపల్లెకు పంపితే అంగడికి పరదా అక్కరలేదు, తాళం చాలు. ఆ తాళం నేను వేయను. నీకు తలవంపులైతే నువ్వు వచ్చి వేసుకో.

పరదా ఉందా అని కదా అడిగినావు. ఉంది. గోల్ఫ్ బండికి కుడిపక్క తలుపై ఉంది. ఆమె కుట్టుకున్న కిటికీ దానికే ఉంది. జిప్ లాగితే తెరుచుకుంటుంది. నేను లాగి చూసినాను.

ఇట్లు,
మీ నాయన
గంగులయ్య