బండి వచ్చినట్టే

అన్నయ్యా,

మేమంతా ఇక్కడ క్షేమంగా ఉన్నట్టే. ఈ మాట నీ దగ్గర నేర్చుకున్నదే. పోయినేడు మీ కంపెనీ తొలి కరెంటు కారుకి మీ బావ చేత షోరూమ్‌లో సంతకం పెట్టించి, "మాది తాతల నాటి కంపెనీ బావా, బుక్ చేస్తే బండి వచ్చినట్టే" అన్నావు చూడు, అదే.

వచ్చినట్టే కదా అని ఆయన పాత కారు అమ్మేశారు. గోడకి ఛార్జింగ్ పెట్టె బిగించారు. దానిమీద మా అత్తగారు తడి తువ్వాలు ఆరేసుకుంటున్నారు. మీవాళ్లు పంపిన టోపీ పెట్టుకుని ఈయన బస్టాపులో నిలబడి, పెట్రోలు బళ్లకి కాలం చెల్లిందని జనానికి పాఠాలు చెబుతున్నారు. బస్సు రాగానే అందరికంటే ముందు ఎక్కుతున్నారు.

మొన్న అత్తగారికి మోకాలు పట్టేస్తే, ఆస్పత్రికి పక్కింటాయన కారే దిక్కయింది. ఆ కారుకి "పొగగొట్టం" అని పేరు పెట్టింది మీ బావే. "పొగగొట్టంలో కూర్చుంటారా పిన్నిగారూ?" అని ఆ పెద్దమనిషి నవ్వుతూ తలుపు తీస్తే, నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నిన్ను ఫోన్‌లో నిలదీస్తే, "డిజైన్ అయిపోయినట్టే, ఫ్యాక్టరీ కట్టేసినట్టే చెల్లాయ్" అన్నావు. అంటే ఫ్యాక్టరీ కూడా లేదన్నమాట!

ఇప్పుడేమో ఆదివారం ఇల్లు మారుతున్నామనీ, బీరువాలు దింపడానికి బావని వెంటబెట్టుకుని పొద్దున్నే రమ్మనీ రాశావు. దానికేం భాగ్యం అన్నయ్యా! మేం వచ్చినట్టే, బీరువాలు దింపినట్టే.

ఎత్తేటప్పుడు నడుం జాగ్రత్త.

నీ చెల్లెలు