పదకొండో నంబరు

దోహా, అల్ మన్సూరా
26-11-2025, బుధవారం

తిరుమల్ అన్నకు,

ముత్యం నమస్కరించి రాస్తున్న ఉత్తరం. నువ్వు క్షేమమని తలుస్తాను అని రాసి కొట్టేశాను. నువ్వు క్షేమంగా లేవని నాకు తెలుసు. నా సంగతీ అంతే. రెండు వారాలుగా అన్నం కలుపుకుని అలాగే కూర్చుంటున్నాను. రూములో వాళ్లు నాకు ప్రేమ జబ్బు పట్టిందని ఏడిపిస్తున్నారు. నలభై నాలుగేళ్ల వయసులో అదొక్కటే తక్కువ.

ఫోన్ ఎత్తవు. వాయిస్ పెడితే వినవు. రెండుసార్లు ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో మీ బిల్డింగు దాకా వచ్చాను. మొదటిసారి కింద టైలరు షాపు దగ్గర చాయ్ తాగి వెనక్కి వెళ్లిపోయాను. రెండోసారి మెట్లెక్కి, తలుపు బయట నీ చెప్పులు చూసి దిగిపోయాను. ఎదురుపడితే నాకు నోరు పెగలదని తెలిసి కాగితం తీసుకున్నాను. స్టోరులో సామాను చిట్టీలు తప్ప ఉత్తరమంటూ రాసి పదిహేనేళ్లయింది. తప్పులుంటే నవ్వుకో. నువ్వు నవ్వితే నాకంతకన్నా ఏం కావాలి.

ముందు మంచి కబురు చెబుతాను. హరికి కాలి గాయం మానింది. జ్వరం తగ్గి నాలుగు రోజులైంది. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్‌ ఏరియాలో వీసా ఇచ్చిన కఫీలు ఇంటి పిల్లల్ని మళ్లీ తనే కారులో బడికి దింపుతున్నాడు. ఈ ఉత్తరం నీకు తెచ్చిచ్చేది కూడా అతనే. గొంతు మాత్రం ఇంకా బొంగురుగానే ఉంది.

ఇక చెడ్డ కబురు. నిన్న శోభ వదిన ఊరి నుంచి ఫోన్ చేసింది. ఆమెకు దోహా అయినా దుబాయే. మీ అన్న దుబాయ్ ఇడిసిపెట్టి ఇంటికొస్త అంటుండు, ఎందుకని అడిగితె చెప్తలేడు, చెవుల పరీక్ష చేయించుకున్నడట, మంచిగనే ఉన్నయన్నరట, మరి ఎందుకొస్తున్నడో నువ్వన్న చెప్పు మరిదీ అని అడిగింది. నాకు తెల్వదు వదినా అన్నాను. ఆమె మళ్లీ అడిగేలోపు సిగ్నల్ లేదని చెప్పి పెట్టేశాను. సిగ్నల్ నిండుగా ఉంది.

నువ్వు ఎందుకు వెళ్లిపోతానంటున్నావో నాకు మన సంఘం దానియాల్ చెప్పాడు. చెవులు మంచిగున్నయంటె ఇగ తలకాయే ఖరాబైందన్నట్టు, లేని గొంతు ఇనవడ్డోడు క్రేన్ కింద నిలబడి సిగ్నల్ ఇయ్యొద్దు, ఇయ్యాల నడకల హరి మిగిలిండు, రేపు సైట్ల ఎవడు సస్తడో అన్నావట. శనివారం కంపెనీలో రాజీనామా ఇస్తావట. అది విన్నప్పటి నుంచి శనివారానికి ఎన్ని గంటలున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నాను. నిన్న ఒకే బోల్టుల పెట్టెను రెండుసార్లు రాశాను.

అన్నా, మన పిల్లబాటల నడక సంఘం ఎలా మొదలైందో గుర్తుందా? ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపులో ఒక శుక్రవారం అందరం మంచాల మీద ఫోన్లు పట్టుకుని పడి ఉంటే, నువ్వు లేచి, అరే, ఇట్లనే పంటె కాళ్లు కూడ ఎక్స్‌పైర్ అయితయి, లేవుండ్రి, యల్లా అని తరిమావు. ఆ రోజు నలుగురం. ఇప్పుడు నువ్వు కాక పద్దెనిమిది మందిమి. జిక్రీత్ గుట్టలు తిరిగాం, దుఖాన్ వైపు ఇసుక తొక్కాం. కాకినాడ దానియాల్ సెక్రటరీ అయ్యాక మ్యాపులూ సముద్రపు పోటు వేళలూ కూడా వచ్చాయి. నువ్వు మాత్రం మొదటి రోజు నుంచీ అందరికంటే వెనకే నడిచావు. ముందు నడిచేటోనికి తొవ్వ దెల్వాలె, ఎనక నడిచేటోనికి మనుషులు దెల్వాలె అనేవాడివి.

ఆ క్యాంపు రోజులు ఈమధ్య మరీ గుర్తొస్తున్నాయి. తెల్లారి బస్సు దగ్గర టైమ్‌కీపరు నంబర్లు పిలిచేవాడు. ఎవడో ఒకడు ఇంకా బాత్రూము లైనులోనే ఉండేవాడు. వాడి నంబరు రాగానే పక్క మంచం వాడు గొంతు మార్చి పలికేసేవాడు. బస్సు కదిలేలోపు వాడు బూట్ల లేసులు ఊగుతుండగా ఉరికొచ్చి ఎక్కేవాడు. నీకు నేను ఎన్నిసార్లు పలికానో, నాకు నువ్వు ఎన్నిసార్లు పలికావో. అది మోసమని మనకెప్పుడూ అనిపించలేదు. పలకనివాడే చెడ్డవాడు మనలో.

అందుకే సంఘంలో లెక్క పెట్టినప్పుడు నువ్వు తొలిరోజే గట్టిగా చెప్పావు. ఈడ ఎవని నంబరు ఆడే చెప్పాలె, ఒకని బదులు ఇంకొకడు నోరు తెరిస్తె నేను ఊకోను అన్నావు. చేరినవాడికల్లా నంబరు ఇచ్చావు. నువ్వు వెనక నిలబడి కళ్లు మూసుకుంటావు, ముందు నుంచి ఒకటి, రెండు అని ఎవరిది వాళ్లం అరుస్తాం. పద్దెనిమిది వినిపిస్తేనే కళ్లు తెరుస్తావు. చెట్లలోనైనా దుమ్ములోనైనా గొంతు తప్పదని నీ నమ్మకం. ఆరేళ్లలో ఒక్కసారి తప్పలేదు.

ఆ శుక్రవారం సంగతి నీకు మళ్లీ రాయడమెందుకు? అయినా రాస్తాను. అల్ థకీరా మడ చెట్లలోకి వెళ్లాం. తొమ్మిదిన్నర దాటితే నీళ్లు పెరుగుతాయని, ఈలోగా కాలువ దాటి బండ్ల దగ్గరికి చేరాలని దానియాల్ ముందే హెచ్చరించాడు. తిరిగొచ్చేటప్పుడు హరి చెట్ల చాటుకు పక్కకు వెళ్లాడు. అక్కడ చెప్పు బురదలో దిగబడింది. దాన్ని లాక్కుంటుంటే నువ్వు అతన్ని దాటి వచ్చేశావు. మనిషి కనబడకపోతే నీ తప్పేముంది? కాలువ ఒడ్డున లెక్క పిలిచావు. పద్దెనిమిదీ వచ్చాయి. దాటాం. రెండు బండ్లు. హరి ఆ బండిలో ఉన్నాడని వీళ్లు, ఈ బండిలో ఉన్నాడని వాళ్లు అనుకున్నారు.

అల్ ఖోర్‌లో చాయ్ కప్పు ఒకటి మిగిలిపోయింది. అప్పుడు హరి ఏడీ అని మొదట అరిచింది నేనే. ఎందుకో నా గొంతు నాకే గుర్తుపట్టరాలేదు. హరి ఫోను బండిలోనే చార్జింగులో ఉంది.

మనం వెనక్కి చేరేసరికి పదిన్నర. కాలువ నిండిపోయింది. అవతల చెట్టు కొమ్మ పట్టుకుని నడుము లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు. ఈత రాదు. నువ్వు బూట్లతోనే దిగావు. ఛాతీ దాకా వచ్చిన నీళ్లలోంచి అతన్ని భుజాన వేసుకుని తెచ్చావు. గంటసేపు ఏమని అరిచావని మన సంఘం పర్వీన్ అడిగితే హరి ఏమన్నాడో విన్నావా? పేరు పెట్టి పిలిస్తే ఎవురూ పలకలేదక్కా, లెక్కలో తగ్గినా కదా అని పదకొండు, పదకొండు అని అరస్తా ఉన్నా అన్నాడు. అప్పటి నుంచి నాకు ఆ అంకె ఎక్కడ కనబడినా చెమట పడుతోంది. మా బిల్డింగు లిఫ్టులో ఆ అంతస్తు లేనందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను.

ఒడ్డున అందరూ నీ మీద పడ్డారు. పదకొండు వినకుండా కాలువ ఎలా దాటించావని అడిగారు. విన్న, ఈ చెవులతోని విన్న అని నువ్వు మూడుసార్లు అన్నావు. పోనీ ఎవరన్నా అతని బదులు పలికారా, పలికితే ఇప్పుడే చెప్పెయ్యండి, ఏమీ అనం అని దానియాల్ అడిగాడు. ఎవరూ చెయ్యెత్తలేదు. నువ్వు ఒక్కొక్కరి మొహం చూశావు. తర్వాత నీ చెవి మీద చెయ్యి పెట్టుకున్నావు. ఆ చెయ్యి నా కళ్ల ముందు నుంచి పోవడం లేదన్నా.

నీకు చెప్పదలచింది ఇదే. రాజీనామా ఇవ్వొద్దు. నీ చెవులకూ బుర్రకూ ఏ రోగమూ లేదు. ఎల్లుండి శుక్రవారం మళ్లీ నడక ఉంది, హరి కూడా వస్తున్నాడు. వెనక నడవడానికి దానియాల్ ఒప్పుకోలేదు, ఇంకెవరూ ఒప్పుకోలేదు. ఆ చోటు నీకే వదిలేశాం. శోభ వదినకు ఫోన్ చెయ్యి. ఆమెకు నేను చెప్పిన అబద్ధం నువ్వు చెప్పకు.

ఉంటాను అన్నా.

నీ తమ్ముడి వంటివాడు,
ముత్యం
పన్నెండో నంబరు

తా.క.: సంతకం పెట్టి కవరులో పెట్టి మళ్లీ తీశాను. అసలు మాట రాయకుండా నాలుగు పేజీలు ఎలా నింపానో చూశావా.

నువ్వు పదకొండు విన్నావు. నిజంగానే విన్నావు. అన్నది నేను. హరి చెట్ల చాటుకు పోవడం చూశాను. పది తర్వాత చప్పుడు లేకపోయేసరికి, వచ్చేస్తాడులే అనుకుని, క్యాంపు బస్సు దగ్గరిలాగే గొంతు మార్చి నా నోరు పలికేసింది. వెంటనే నా నంబరు నేను చెప్పుకున్నాను. కాలువ దాటాక నీకు చెబుదామనుకున్నాను. ఎవరో ముందు బండిలోకి పిలిచారు, ఎక్కాను, మరిచాను. ఒడ్డున దానియాల్ అడిగినప్పుడు మాత్రం మరిచిపోలేదు. భయపడ్డాను. నువ్వు చెవి మీద చెయ్యి పెట్టుకున్నప్పుడు కూడా నా బూట్లే చూస్తూ నిలబడ్డాను.

కవరు అంటించలేదు. ముందు తను చదివి, తర్వాతే నీకు ఇవ్వమని హరికి చెప్పాను. ఇది నీ చేతికి అందిందంటే అతను చదివినట్టే. అందకపోయినా శనివారం పొద్దున మీ కంపెనీ గేటు దగ్గర నిలబడతాను. ఈసారి మెట్లు దిగిపోను.

శుక్రవారం నువ్వు వెనక నిలబడి కళ్లు మూసుకో. పదకొండు హరి గొంతే చెబుతుంది, బొంగురుగా. దాని తర్వాత పన్నెండుకు ఎవరూ పలకకపోతే, నీకు మొహం చూపించలేక ముత్యం రాలేదని రాసుకో. నా బదులు ఎవరు పలికినా ఒప్పుకోకు.