నీలం వీపుల గొర్రెలు

టామ్‌వర్త్ ఆస్పత్రి,
సోమవారం

చెల్లాయి యూనాకి అన్న క్లారీ దీవెనలు.

తుంటి ఎముక మార్చారు. కొత్తది నాకంటే గట్టిదని డాక్టరు మురిసిపోతున్నాడు. ఫోన్‌లో అయితే మూడో మాటకే మనం పోట్లాటకు దిగుతాం కాబట్టి ఉత్తరాలే నయం.

ఇక పని మాట. గొర్రెపిల్లలకి తోక కింది ముడతల చర్మం కోసే కాంట్రాక్టరు వచ్చాడా? వానలు పడ్డాయి, ఎండ కాస్తోంది, ఈగలకి పండగే. ఆ ముడతల్లో తడిసిన ఉన్నిలో గుడ్లు పెట్టాయంటే పురుగులు బతికున్న గొర్రెనే తినేస్తాయని నీకు నేను చెప్పాలా? నాన్న కోయించాడు, నేనూ కోయిస్తున్నాను. ఆలస్యం చెయ్యకు.

ఇట్లు,
మంచం మీది యజమాని,
క్లారీ

తా.క.: పక్క పొలం మెర్విన్ వచ్చి కబుర్లన్నీ చెప్పి పోతున్నాడు. నువ్వేం దాచినా నాకు తెలుస్తుంది.


వాల్చా,
బుధవారం

అన్నయ్యకి పొలం నుంచి యూనా రాయునది.

కాంట్రాక్టరు వచ్చాడు. టీ ఇచ్చి పంపేశాను. కోపం తెచ్చుకోకు, కొత్త ఎముకకి మంచిది కాదు.

పదకొండేళ్లుగా ముడతల్లేని పొట్టేళ్లనే ఏరి కొనిపించాను. "మొహం చూడకుండా వెనక చూసి కొంటావేంటే" అని నవ్వేవాడివి. ఇప్పుడు వాటి పిల్లలకి కొయ్యడానికి ముడతే లేదు. తల్లి గొర్రెలకి తోక చుట్టూ ఉన్ని పొట్టిగా కత్తిరించాను. పొద్దునా సాయంత్రం మందంతా తిరిగి చూస్తున్నాను. ఆ పసివాటిని రక్తం కారుతుంటే వదిలెయ్యడం ఇక నా వల్ల కాదు, అన్నయ్యా. ఈ ఒక్క ఏడాది నా మాట విను. ఈగ గెలిస్తే వచ్చే ఏడు కాంట్రాక్టరుని నేనే పిలుస్తాను.

ఇట్లు,
కాళ్లరిగేలా తిరుగుతున్న నీ చెల్లెలు,
యూనా

తా.క.: మెర్విన్ కంచె ఎక్కి బైనాక్యులర్‌తో మన పొలం చూస్తున్నాడు. మొన్న పలకరింపుగా చెయ్యి ఊపాను. తనూ ఊపబోయి కింద పడ్డాడు.


టామ్‌వర్త్ ఆస్పత్రి,
ఆదివారం

యూనా,

దీవెనలు తర్వాత. ముందు ఇది చెప్పు, పొలంలో ఎనభై మూడు గొర్రెల వీపుల మీద నీలం రంగు ఉందని మెర్విన్ చెప్పాడు! మన కొట్టంలో నీలం పూస్తే అర్థమేంటి? పురుగు పట్టింది, మందు వేశాం అని. నాన్న నాటి నుంచీ అంతే. నా పెళ్లికి నీలం టై కట్టుకుంటానంటే ఆయన ఒప్పుకోలేదు, గుర్తుందా?

ఎనభై మూడు! నాకు ఒక్క ముక్క రాయలేదు! ఒకసారి పట్టినదానికి మళ్లీ పడుతుంది, అలాంటిదాన్ని మందలో ఉంచకూడదు. గొర్రెలు అమ్మిపెట్టే ఏజెంటు టిబ్బెట్‌కి చెప్పేశాను. గురువారం నీలం వీపులన్నీ లారీ ఎక్కి టామ్‌వర్త్ సంతకు వస్తాయి. శుక్రవారం కాంట్రాక్టరు వచ్చి పిల్లల పని చూస్తాడు. ఇక మాటల్లేవు.

క్లారీ

తా.క.: రక్తపోటు పెరిగిందని నర్సు నా పెన్ను లాక్కుంది. ఇది పెన్సిల్.


వాల్చా, లారీ పక్కన నిలబడి,
గురువారం పొద్దున

అన్నయ్యా,

నీ ఉత్తరం, నీ లారీ ఒకేసారి దిగాయి. మూడుసార్లు ఫోన్ చేశాను. నీతో వ్యాయామం చేయిస్తున్నారట. అందుకే ఇది డ్రైవరు చేతికిస్తున్నాను. సంతకు వెళ్లేముందు ఆస్పత్రిలో నీకిచ్చి వెళ్తానన్నాడు.

ఆ నీలం పురుగుది కాదు. మంచివాటికి గుర్తు పెట్టే ఎర్ర రంగు డబ్బా ఎండిపోయింది, కొట్టంలో నీలం ఒక్కటే మిగిలింది. ఒక్క ముడత కూడా లేని గొర్రెల్ని ఏరి, వీటి సంతానాన్నే పెంచాలని గుర్తు పెట్టుకున్నాను. నువ్వు అమ్మేస్తున్నది నా పదకొండేళ్ల కష్టం. గొర్రెలు నీ పేరున ఉన్నాయి, ఆపే హక్కు నాకు లేదు. అమ్మేముందు ఒక్కసారి నీ కళ్లతో వాటి వెనక చూడు. అంతకంటే ఏమీ అడగను. ఏడుపొస్తోంది గానీ డ్రైవరు ముందు ఏడవను.

యూనా

తా.క.: కేకు చేశాను. డ్రైవరుకే ఇచ్చాను. నీకు లేదు.


టామ్‌వర్త్ సంత,
గురువారం మధ్యాహ్నం

చెల్లీ,

నీ ఉత్తరం చదివి, అది తెచ్చిన లారీలోనే నడిచే స్టాండుతో, పైజమాతోనే సంతకు వచ్చేశాను. ఎనభై మూడు తోకలూ ఎత్తి చూశాను. సంతంతా నా వెనక నిలబడి నవ్వింది, నవ్వనీ. ఒక్క పురుగు లేదు. ఒక్క ముడత లేదు.

నిన్న నా కుట్లు విప్పారు. ముందు మత్తు మందు రాశారు, అయినా వార్డు అదిరిపోయేలా కేకలు పెట్టాను. ఇవాళ ఆ గొర్రెల మధ్య నిలబడితే, నలభై ఏళ్లపాటు ఏ మత్తూ లేకుండా నేను కోయించిన పిల్లలు గుర్తొచ్చాయి. ఈగల నుంచి కాపాడ్డానికే చేశాను, నిజమే. కానీ ఇంకో దారి ఉందని నువ్వు చెప్తుంటే పదకొండేళ్లు నవ్వాను. సిగ్గేసింది, యూనా.

ఒక్కదాన్నీ అమ్మలేదు. కాంట్రాక్టరుని రావద్దన్నాను. టిబ్బెట్ దగ్గర కాగితం తీసుకుని మంద మొత్తం నీ పేరున రాసి సంతకం పెట్టాను. లారీలో ముందు సీట్లో నేను, వెనక నీ గొర్రెలు, సాయంత్రానికి దిగుతాం. ఈ ఉత్తరం మెర్విన్ కారులో ముందే తెస్తున్నాడు.

ఇప్పుడు నేను పనిలేనివాణ్ణి. మందని పొద్దునా సాయంత్రం చూసుకోవడానికి మనిషి కావాలంటే చెప్పు. స్టాండు మీద వాలితే నా కళ్లు సరిగ్గా తోక ఎత్తుకి వస్తున్నాయి.

ఇట్లు,
నీ దగ్గర ఉద్యోగం అడుగుతున్న,
క్లారీ

తా.క.: ఆస్పత్రి నుంచి ఫోనొస్తే నేను ఇంటికి రాలేదని చెప్పు. అబద్ధం కాదు, అప్పటికింకా దారిలోనే ఉంటాను.