పలకలో వదిన గొంతు

మంగళవారం, పద్నాలుగో తేదీ
లిఫ్టు షెడ్డులో, భోజనాల వేళ

అక్కకు,

తమ్ముడు నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేం ముగ్గురం క్షేమం. అక్కడ నువ్వు, బావగారు, వాగుడుకాయ క్షేమమని అనుకుంటున్నాను. పెద్దవాళ్ళకు రాసేటప్పుడు ముందు ఈ ముక్కలు రాయాలని అమ్మ నేర్పింది కాబట్టి రాశాను. పద్నాలుగు నెలలుగా పలకరించని మనిషి ఉన్నట్టుండి క్షేమం అడిగితే నీకు ఒళ్ళు మండుతుందని తెలుసు. మండనీ. ఫోను చేస్తే నువ్వు ఎత్తవు. ఎత్తినా రెండో మాటకే ఇద్దరం అరుచుకుంటాం. కాగితం మీదైతే నేను మధ్యలో అడ్డు తగలను కదా అని రాస్తున్నాను.

విషయం చిన్నది. వచ్చే ఆదివారం మీ అమ్మాయిని మా ఇంటికి పంపు. మా పిడుగు పలకలోకి కొన్ని మాటలు చదివి పెట్టాలి. పిడుగుకి ఎనిమిదేళ్ళు నిండాయి, పాత మాటలు చాలడం లేదు. అంతే పని. మన గొడవకీ దీనికీ సంబంధం లేదు.

ఇంకెవరి చేతనైనా చదివించుకోవచ్చుగా అంటావు. అంటావని తెలిసే మొదటి నుంచీ రాస్తున్నాను. తమ్ముడు పిల్లకి ఖరీదైన ఆటబొమ్మ కొన్నాడని చుట్టాలందరికీ చెప్పావు కానీ, అది మా ఇంటికి ఎలా వచ్చిందో నువ్వు ఒక్కసారీ కూర్చుని వినలేదు.

పిడుగుకి మాట రాదు, చేతులు చెప్పినట్టు వినవు, కానీ మనం అనేదంతా దానికి అర్థమవుతుంది. ఈ మాట డాక్టరు దాని రెండో ఏటే చెప్పాడు. మరి దాని బుర్రలో ఉన్నది బయటికి రావడానికి ఏం కొనాలయ్యా అంటే మాత్రం ఏ ఇద్దరూ ఒక మాట మీద లేరు. కాలికి బలపం కట్టుకుని తిరిగాను. ముందు బొమ్మల అట్టలు అన్నారు. మీ మరదలు నూట ఇరవై అట్టలు కత్తిరించి, రింగుకి గుచ్చి, మెళ్ళో వేసుకుని ఇల్లంతా తిరిగింది. పిల్లకి దాహం వేస్తే ఆ రింగులో నీళ్ళ గ్లాసు బొమ్మ దొరికేలోపు అది ఏడ్చి ఏడ్చి నిద్రపోయేది.

తరువాత కళ్ళతో నడిచే యంత్రం. పిల్ల ఏ బొమ్మ వైపు చూస్తే ఆ మాట పలుకుతుందని, అమ్మేవాడు తెచ్చి వారం రోజులు మా ముందు గదిలో పెట్టాడు. వెలుతురు పడితే పనిచెయ్యదట, కిటికీలన్నీ మూసుకున్నాం. పిల్లకి మెడ నిలవదు. తల వాలగానే చూపు కింది మూలకి పోతుంది. ఆ మూలలో ఉన్నది బాత్రూం బొమ్మ. ఇక చూడు, పది నిమిషాలకోసారి బాత్రూం, బాత్రూం అని కేక. నేను పరుగెత్తుకెళ్ళి కుర్చీలోంచి ఎత్తడం, అది పకపకా నవ్వడం. తల ప్రాణం తోకకొచ్చింది. అమ్మేవాడేమో పిల్లకి ఇంకా అలవాటు కావాలండీ అంటాడు. పిల్ల మెడ గురించి వాడు ఒక్క ప్రశ్న అడగలేదు, మా గది గురించి అడగలేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

చివరికి మాటల టీచరు ఈ పలక చూపించింది. నోటుపుస్తకమంత తెర, దాని మీద గళ్ళు, ఏ గడి నొక్కితే ఆ గడిలోని మాట వినిపిస్తుంది. పిడికిలి జారి పక్క గడి మీద పడుతోందని నేనే ప్లాస్టిక్ రేకుకి చదరంగా రంధ్రాలు కోసి తెర మీద బిగించాను. మూడో రోజుకల్లా అది పిడికిలి సరిగ్గా గడిలో పెట్టి నాన్నా అని పిలిచింది.

పిలిచింది కానీ ఎవరి గొంతుతో? కంపెనీ వాళ్ళ గొంతుతో. తలుపులు మూసుకొనుచున్నవి అని లిఫ్టులో వినిపిస్తుందే, అచ్చం ఆ గొంతు. లిఫ్టులు బాగుచేస్తూ రోజంతా దాన్ని విని ఇంటికి పోతే, నా కన్నకూతురు నన్ను మూడో అంతస్తు అన్నట్టు నాన్నా అంది. పిల్లకీ నచ్చలేదు, మొహం చిట్లించింది. సొంత గొంతులు పెట్టుకోవచ్చని టీచరు అంటే మీ మరదలు కూర్చుని మాటలన్నీ చదివింది. మర్నాడు పొద్దున పిల్ల అమ్మా అని నొక్కగానే మీ మరదలు కడుగుతున్న గిన్నె వదిలేసి నిలబడిపోయింది. తన గొంతే తనని అమ్మా అని పిలుస్తోంది. నన్ను నేనే పిలుచుకుంటున్నట్టుంది, మరి నా పిల్ల ఏదండీ అని అక్కడే కూలబడి ఏడ్చింది. సరేనని నా గొంతు పెట్టాం. ఐదేళ్ళ పిల్ల కుర్చీలో కూర్చుని జడ వెయ్యి అని బొంగురుగా అరిచేసరికి, పక్కింటావిడ ఇంట్లో ఎవడో దూరాడని చీపురు పట్టుకుని వచ్చింది.

అప్పుడు వచ్చింది సెలవులకి మీ వాగుడుకాయ. దానికి అప్పుడు పదకొండేళ్ళు. మామయ్యా నేను చదువుతా అని, బయటి చప్పుడు పడకుండా దుప్పటి ముసుగేసుకుని రెండు రోజులు కూర్చుంది. ఎనభై నాలుగు మాటలు. అందులో ఛీ, పో అనే రెండూ ఎవరూ అడగకుండానే చదివి పెట్టింది. ఆ గొంతు వినగానే పిడుగు రెండు కాళ్ళూ ఆడించి, నాన్నా నాన్నా నాన్నా అని ఆపకుండా నొక్కింది. మూడేళ్ళు మేం చేసిన ఎంపికలన్నీ ఒక ఎత్తు, అది ఒక్క నిమిషంలో చేసిన ఎంపిక ఒక ఎత్తు. వదిన గొంతు తన గొంతు అనుకుంది. ఆ రోజు నుంచి మాకూ అది మా పిల్ల గొంతే.

ఇక నీ ఇంట్లో జరిగింది. రాయకూడదనుకున్నాను, చెయ్యి ఆగడం లేదు. పది మంది భోజనాలకి కూర్చున్న చోట నువ్వు ప్రేమగానే దానికి తినిపించావు, కాదనను. అది చాలు అని నొక్కింది. ఇంకొక్క ముద్ద అన్నావు. మళ్ళీ నొక్కింది. ఏడుసార్లు నొక్కింది అక్కా, పక్క గదిలోంచి నేను లెక్కపెట్టాను. అందరూ నవ్వారు, నీకు చిన్నతనమైంది. తినేటప్పుడు ఈ గోలేమిటి, తిన్నాక ఇస్తాలే అని పలక ఆపేసి అలమారు మీద పెట్టావు. అది నోటినిండా ముద్దతో ఏడుస్తుంటే నేను వచ్చి, నా కూతురి నోట్లో గుడ్డలు కుక్కావని అందరి ముందూ అన్నాను. చెయ్యి కడుక్కుని వచ్చేశాం. ఆ మాట ఈ రోజుకీ వెనక్కి తీసుకోను. మాట్లాడగలిగే పిల్లయితే నువ్వు నోరు నొక్కేదానివా? దానికి ఆ పలకే నోరు. పైగా వాగుడుకాయ అలమారు ఎక్కి పలక తెచ్చి ఇచ్చిందని, దాన్ని కూడా తిట్టావని తెలిసింది.

ఈ మధ్య వేరే గొంతులు మళ్ళీ పెట్టి చూశాం. టీచరు చదివింది, పక్కింటావిడ కోడలు చదివింది. పిడుగు ఒక్కసారి నొక్కుతుంది, వింటుంది, చెయ్యి ఒళ్ళో పెట్టేసుకుంటుంది. ఇక చుట్టూ ఉచిత సలహాలు. గొంతుదేముంది, మాట అర్థమైతే చాలదా అని మా సూపర్‌వైజరు అన్నాడు. రేపటి నుంచి నువ్వు మీ అత్తగారి గొంతుతో మాట్లాడు, అందరికీ అర్థమవుతుంది అన్నాను. అప్పటి నుంచి నాకు ఎడాపెడా డ్యూటీలు వేస్తున్నాడు. కంపెనీకి ఫోను చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటుంది, మనిషి పలకడు. విసుగొచ్చేసింది అక్కా. పిల్లకి ఒక మాట కావాలంటే ఇంతమందిని బతిమాలాలా?

వాగుడుకాయకి ఇప్పుడు పద్నాలుగేళ్ళు, గొంతు కాస్త మారి ఉంటుంది. పరవాలేదు, పిడుగూ పెరిగింది. బస్సు దగ్గరికి నేనే వస్తాను, చీకటి పడకముందే దిగబెడతాను. నా మీద కోపం పిల్లల మీద చూపించకు. బావగారికి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
పంతం నీ దగ్గరే నేర్చుకున్న
నీ తమ్ముడు

తా.క. కవరు అంటించబోయి మళ్ళీ తెరిచాను. పైన రాసిందంతా నిజమే, ఒక్కటి తప్ప. పాత మాటలు చాలకపోవడం కాదు. పాత మాటలు లేవు. పలక నెమ్మదిగా నడుస్తోందని దాన్ని శుభ్రం చెయ్యబోయాను. ముందు కాపీ తీసి పెట్టుకోమని టీచరు మరీ మరీ చెప్పింది. మెకానిక్కుని, నాకు ఒకరు చెప్పాలా అనుకున్నాను. మొత్తం తుడిచెయ్యాలా అని పలక రెండుసార్లు అడిగింది, రెండుసార్లూ అవుననే నొక్కాను. మాటలు పలకలోని మెమరీ కార్డులో ఉన్నాయనుకున్నాను. కార్డులో ఉన్నవి బొమ్మలే. ఎనభై నాలుగు మాటలూ పోయాయి, ఇక రావని కంపెనీలో ఎట్టకేలకు దొరికిన మనిషి చెప్పాడు.

ఇది జరిగి పందొమ్మిది రోజులు. ఆ గొంతు ఉన్న పార్టు రిపేరుకి పంపానని మీ మరదలికి అబద్ధం చెప్పాను. నేను నొక్కేటప్పుడు పిడుగు పక్కనే ఉంది, చూసింది. అబద్ధం ఆడేటప్పుడూ పక్కనే ఉంది. వాళ్ళమ్మ వైపు చూసింది, నా వైపు చూసింది. అది కాదు అని చెప్పడానికి దానికి మాట లేదు. ఈ సాయంత్రం దాని ఎదురుగానే మీ మరదలికి నిజం చెబుతాను.

నువ్వు ఆ పలకని పట్టుమని పది నిమిషాలు ఆపావు, నేను నీతో పద్నాలుగు నెలలు మాట్లాడలేదు. నేను పందొమ్మిది రోజులు ఆపాను. ఆ లెక్కన నాతో ఎన్నేళ్ళు మాట్లాడకూడదో నువ్వే తేల్చు, పడతాను. పిల్లని మాత్రం ఆదివారం దాకా ఆపకు, ఉత్తరం అందిన రోజే పంపు.