చలివేంద్రం మీద అక్క బొమ్మ

రెంటచింతల,
మార్చి 2

ప్రియమైన నిరోషక్కా,

ఫోన్లో అయితే నేను అరుస్తానని మధ్యలో కట్ చేస్తావు. అందుకే ఉత్తరం. మా క్వారీ కార్మికుల సంఘం హాలుకు బొమ్మ వేసి పంపుతానన్నావు కదా. బిగించిన పిడికిలి, వెనక ఎర్రటి సూర్యుడు ఉండాలి. చూసినవాడి రక్తం మరగాలి. జర్మనీ వెళ్ళిన దగ్గర్నుంచి నువ్వు వేస్తున్న ఆ అర్థంకాని రంగులు మాత్రం వద్దు. కళ ప్రజల పక్షాన నిలబడాలి. నేను చదివిన ప్రతి కరపత్రమూ అదే చెప్పింది.

నీ మీద ఇంకా ఆశ వదులుకోని తమ్ముడు,
ప్రదీప్


లైప్‌జిగ్,
మార్చి 24

ఒరేయ్ ప్రదీపూ,

బొమ్మ వేసిన గుడ్డను చుట్టి గొట్టంలో పెట్టి పంపాను. పిడికిలి వెయ్యబోతే అబద్ధంలా వచ్చింది. మానేసి, గుడ్డను నేలమీద పరిచి, చుట్టూ తిరుగుతూ పలచటి రంగులు పోశాను. క్రిస్మస్‌కి ఇంట్లో పెట్టే పశువులపాక బొమ్మల వెనక తెరకు నాన్న నీలం వెయ్యమంటే మొత్తం నారింజ పూసి తిట్లు తిన్నాను, గుర్తుందా? అప్పటి పిచ్చే ఇది. దాంతోనే ఇక్కడ చదివాను, ప్రదర్శనలు పెట్టాను. వచ్చినవాళ్ళు కాసేపు నిలబడి, బాగుందని వెళ్ళిపోతారు. అలసిపోయానురా. బేకరీలో రోజంతా పని ఇస్తామంటున్నారు. చేరితే ఇక బొమ్మలుండవు. దీన్ని తగిలించి, మనవాళ్ళు ఏమన్నారో ఉన్నదున్నట్టు రాయి. ఎవరూ ఏమీ అనకపోతే ఇదే ఆఖరు బొమ్మ.

నీ అక్క,
నిరోష


రెంటచింతల,
ఏప్రిల్ 14

అక్కా,

గొట్టం విప్పి చూశాను. ఒళ్ళు మండింది. హాల్లో పెట్టలేదు. బస్సులు ఆగే చోట మా సంఘం చలివేంద్రం ఉంది. దానికి పందిరిగా కట్టేశాను, రంగు వైపు కిందికి. అర్థం ఎలాగూ లేదు, నీడైనా ఇస్తుంది. గుడ్డను చూసి జనం ఏమంటారు?

ప్రదీప్


రెంటచింతల,
మే 9

ప్రియమైన అక్కా,

నువ్వు జవాబు రాయలేదు, ఫోనూ ఎత్తలేదు. బేకరీలో చేరిపోయావేమోనని అమ్మ అంటోంది. చేరకు. ముందు ఇది చదువు.

కుండల మీద నా కరపత్రాలు అంటించాను. ఒక్కడూ చదవడు. గ్లాసెత్తి నీళ్ళు గొంతులో పోసుకునేవాడు తల పైకెత్తుతాడు, ఇక దించడు. ఎండ నీ గుడ్డలోంచి దిగి మొహాల మీద పడుతోంది.

"కల్లంలో మిరపకాయలు ఆరబోసినట్టుంది కదరా," అంది ఫిలోమినా అత్త.

"మిరపకాయలేందమ్మా, క్వారీ పేల్చినప్పుడు లేచే దుమ్ము అది," అన్నాడు మెకానిక్ మీరా సాహెబ్ బాబాయి.

"నీ కంటికి అన్నీ దుమ్మే. ఆ రెంచి పక్కనబెట్టి సరిగ్గా చూడు."

వాళ్ళు తెగ వాదించుకుంటుంటే, ఎక్కాల్సిన మాచర్ల బస్సు కాస్తా వెళ్ళిపోయింది. ఇద్దరూ కలిసి నన్ను తిట్టారు.

క్వారీ పేలుడులో కుడిచేతి వేళ్ళు పోగొట్టుకున్న యాసిన్ రోజూ వచ్చి దానికింద కూర్చుంటున్నాడు. హాలుకు పిడికిలి బొమ్మ వేరే వేయిద్దామా అని అడిగాను.

"వద్దులే అన్నా. బిగించడానికి నాకు వేళ్ళేవి? దీంట్లో అయితే నేను కూడా ఉన్నట్టుంది," అన్నాడు.

నాకు ఏ కరపత్రమూ గుర్తు రాలేదు. ఎండకు రంగు వెలిసిపోతోందక్కా. విప్పి హాల్లో పెట్టనా?

నీ తమ్ముడు,
ప్రదీప్


లైప్‌జిగ్,
మే 27

ఒరేయ్ కోపిష్టి తమ్ముడూ,

నేను నేలమీద వేసినదాన్ని నువ్వు నెత్తిమీద కట్టావు. ఇన్నేళ్ళలో నాకు తట్టలేదురా అది. విప్పకు, వెలిసిపోనీ. బేకరీలో ఒంటిపూట మాత్రమే చేస్తానని చెప్పేశాను. వచ్చే ఎండాకాలానికి పందిరి పెద్దది వెయ్యండి, కొలతలు పంపు. ఏ రంగులు కావాలో యాసిన్‌ని అడుగు. పక్కన నిలబడి నువ్వు చెప్పకు.

రంగు చేతులతో,
నీ అక్క నిరోష