మిగిలిన మేత

తూపిలిపాళెం

ప్రియమైన కూతురు రెజీనాకు అమ్మ ప్రార్థించి రాయునది. ప్రభువు దయవల్ల ఇక్కడ నేను, మీ నాయన క్షేమం. అక్కడ నువ్వు, నీతోపాటు పోలీసు ట్రైనింగులో ఉన్న పిల్లలందరూ క్షేమమని నమ్ముతున్నాను.

ఆదివారం మీకు ఫోనిచ్చే కాసేపూ బాగున్నావా, బాగున్నా అనుకోవడంతోనే సరిపోతోంది. అందుకే నువ్వు ఉత్తరంలో అడిగినవాటికి ఉత్తరంలోనే చెబుతున్నాను. ముందు నాయన కాలు. పుండు మానింది! కొత్త చర్మం పట్టింది. బొటనవేలు గోరుతో సహా ఉన్నచోటే ఉంది. మొన్న చర్చిలో సాక్ష్యం చెప్పమంటే మాటలు రాక చెప్పు విప్పి వేలు చూపించాడు. పాస్టరుగారికి నవ్వాగలేదు.

రొయ్యల గుంటలో దిగినప్పుడు గుల్ల కోసుకోవడం, షుగరు వల్ల అది మానకపోవడం, షుగరు తగ్గకపోతే వేలు తీసేయాల్సిందేనని గూడూరు డాక్టరమ్మ చెప్పడం నీకు తెలుసు. తెలియనిది ఒకటుంది. ఆ రోజు బస్సులో మీ నాయన ఏడ్చాడు. "బిడ్డ పరేడుకు కుంటుకుంటా పోవాల్నా మే?" అన్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఏ పూట ఏం తిన్నాడో నాయన ఫోనులో ఎక్కిస్తున్నాడా అని అడిగావు. నువ్వు పెట్టిపోయిన ఆ తిండి లెక్కల యాప్‌లో ఇడ్లీ ఫొటో తీయబోయి తన గడ్డం ఫొటో తీసుకున్నాడు. విసుగొచ్చి ఫోను పక్కన పడేశాడు. "నేనేమన్నా రొయ్యనా, లెక్కబెట్టి మేపేదానికి?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "రొయ్యకుండే రాత గూడా నీకు లేదు. దానికి చెక్‌ట్రే అన్నా ఉండాది, నీకేముండాది?" అన్నాను.

చిన్నప్పుడు ఆ చెక్‌ట్రే వల తట్టను నేనే పైకి లాగుతానని గట్టుమీద పేచీ పెట్టేదానివి, గుర్తుందా? అందులో కాస్త మేత వేసి నీళ్ళలోకి దించడం, కాసేపాగి పైకి తీయడం, మిగిలి ఉంటే మరుసటి పూట మేత తగ్గించడం. తినకుండా మిగిలిన మేత అడుగున కుళ్ళి గుంటనే చంపుతుంది. ఈ పనిలో మీ నాయనను మించినవాడు చుట్టుపక్కల లేడని గుంటల ఓనరే ఒప్పుకుంటాడు.

నా మాట ఎక్కడ తగిలిందో గానీ, మర్నాటి నుంచి మనిషి మారిపోయాడు. కంచం ముందు కూర్చుంటే గట్టుమీద కూర్చున్నట్టే. ముందు కూర, తర్వాత చేప, చివరికి అన్నం. మధ్యలో ఆగి, "ఇంక చాలు, ఇది మిగులు" అని అన్నం పక్కకు నెట్టేస్తాడు. టీలో చక్కెర బందు. నువ్వు పంపిన షుగరు మిషనుతో తనే వేలు గుచ్చుకుని, ఉప్మాకు ఎంత ఎక్కింది, పెసరట్టుకు ఎంత ఎక్కింది అని పాఠం ఒప్పజెప్పినట్టు చెబుతాడు. గుంటల కాడ ఎవడైనా బెల్లంముక్క నోట్లో వేసుకుంటే వాడి పని అయిపోయినట్టే. మొన్న రిపోర్టు చూసి డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి ఆయనకు చెయ్యి కలిపింది. పక్కనున్న నేను జానెడు పొడుగు పెరిగాను. గొప్పలంటావా, అనుకో. నా మొగుడు, నా గొప్ప.

ఇక నీ చివరి ప్రశ్న. ప్రతి ఉత్తరంలోనూ "అమ్మా, నువ్వు తింటున్నావా?" అంటావు. తింటున్నానని రాస్తూ వచ్చాను. అబద్ధం కాదు. ఆ తినడంతోనే తంటా వచ్చింది.

మొగమనిషి కంచంలో గుప్పెడన్నం పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు. ఎప్పటిలాగే పెట్టాను, ఆయన మిగిల్చాడు. అన్నం పారేయడం మా అమ్మ నాకు నేర్పలేదు. నాది నేను తిని, ఆయన మిగిల్చిందీ తిన్నాను. ఆయన వద్దన్న అరటిపండూ, ఆయనకని పెళ్ళివాళ్ళు పంపిన లడ్డూ నా కడుపులోకే పోయాయి.

ఒకరోజు కంచం తీయబోతుంటే చెయ్యి పట్టుకున్నాడు. "రోజూ ఇంత మిగలతాండాది. మిగిలిన మేత యాడికి పోతాండాది మే?"

"కుక్కకేస్తా ఉండా."

"మనకు కుక్క యాడుండాది?"

నన్ను తేరిపార చూశాడు. నేను చెంబులకు చెంబులు నీళ్ళు తాగడం, నాలుగడుగులకే కూలబడడం అప్పుడు ఆయన కంటికి ఆనాయి. మిషను తెచ్చి నా వేలు గుచ్చాడు. అంకె చూసి మర్నాడే గూడూరు తీసుకుపోయాడు.

నాకూ షుగరుంది తల్లీ. ట్రైనింగులో నీ మనసు చెదురుతుందని ఇన్నాళ్ళూ చెప్పలేదు, తిట్టుకో. ఇది ఒక్క ఎంగిలన్నంతో వచ్చింది కాదనీ, లోపల ఉన్నదే దానితో బయటపడిందనీ డాక్టరమ్మ చెప్పింది. తొందరగానే పట్టారట. మాత్ర, నడక, తిండి మీద అదుపు ఉంటే భయం లేదన్నది.

ఇప్పుడు ఇంట్లో వడ్డన మీ నాయనది. రెండు కంచాలు పక్కపక్కన పెట్టి ముందు నాకు వడ్డిస్తాడు. కూర నిండుగా, అన్నం ఒక్క గరిటె. పెళ్ళయినప్పటినుంచీ అందరి వెనక తిన్నదాన్ని, మొదట్లో ఆయన పక్కన కూర్చుంటే సిగ్గేసి ముద్ద దిగలేదు. ఇప్పుడు వడ్డన ఆలస్యమైతే అరుస్తున్నాను. "నీ గుంట చెడనీను మే" అంటాడు. ఇంతకన్నా మంచిమాట ఆయన పెళ్ళినాడు కూడా చెప్పలేదు.

నీ పరేడుకు ఇద్దరం వస్తాం, ఇరవై కాలివేళ్ళతో. ఆ యూనిఫారంలో నిన్ను చూసి ఎంత గర్వపడాలో అంతా అక్కడే పడతాం.

ఒక్క సంగతి బిడ్డా. ఇకమీదట "తిన్నావా అమ్మా" అని అడగొద్దు. అలా అడిగితే ఏ తల్లయినా తిన్నాననే అంటుంది. ఏం తిన్నావని అడుగు.

ఇట్లు,
ముందు వరసలో కూర్చుని తింటున్న
మీ అమ్మ
రెబెక్కమ్మ